మీసాల అమ్మ – గిజుభాయి

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో మూడో తరగతికి వచ్చినా పుస్తకం చదవలేని పిల్లవాడు ఒకడు ఉండే ఉంటాడు. మాటల్లో చురుకైనవాడు. ఆటల్లో ముందుంటాడు. అంగడికి పంపితే చిల్లర లెక్క తప్పకుండా తెచ్చి చేతిలో పెడతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరం అక్షరం దగ్గర ఆగిపోతాడు. 'మ'ను చూసి 'వ' అంటాడు. ఒత్తు కనబడితే బెదిరిపోతాడు. పెద్దలు వాడికి మొద్దు అని పేరు పెడతారు. కొన్నాళ్ళకు వాడు కూడా ఆ మాటే నమ్ముతాడు. ఆ తర్వాత బడి మానేస్తాడు. ఈ పాఠం చదువుతున్న మీలో కొందరికి ఇది కొత్త కథ కాకపోవచ్చు.

అలాంటి పిల్లల పక్షాన నిలబడడం కోసం బాగా నడుస్తున్న వకీలు వృత్తిని వదులుకున్న ఒక గుజరాతీ ఉపాధ్యాయుని గురించి ఇప్పుడు తెలుసుకుందాం. ఆయన పేరు గిజుభాయి బధేకా.

గిజుభాయి అసలు పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. 1885 నవంబరు 15న సౌరాష్ట్ర ప్రాంతంలోని చితల్ అనే ఊళ్ళో జన్మించారు. బాల్యం వల్లభీపురంలో గడిచింది. భావనగర్‌లోని శామల్‌దాస్ కళాశాలలో చేరారు కాని ఆ చదువు పూర్తి కాలేదు. 1907లో బతుకుతెరువు వెతుక్కుంటూ తూర్పు ఆఫ్రికాకు వెళ్ళారు. అక్కడ ఒక న్యాయవాది దగ్గర రెండేళ్ళు పనిచేసి 1909లో తిరిగి వచ్చారు. బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి, వఢ్వాణ్ పట్టణంలో వకీలుగా స్థిరపడ్డారు. అంతవరకు ఆయన జీవితంలో బడి గాని, పలక గాని కనబడవు.

1913లో కొడుకు నరేంద్ర పుట్టాడు. బిడ్డను ఏ బడికి పంపాలి అన్న ప్రశ్న తండ్రిని పట్టుకుంది. ఆ రోజుల్లో బడి అంటే భయం. బెత్తం చప్పుడైతేనే చదువు వస్తుందనే అర్థంలో గుజరాతీలో ఒక సామెత కూడా ఉంది. మన వీధిబడుల్లోని గోడకుర్చీ, కోదండం గురించి మీ తాతలు చెప్పగా వినే ఉంటారు. అక్కడి పరిస్థితీ దాదాపు అంతే. అర్థం తెలిసినా తెలియకపోయినా పాఠం అప్పజెప్పాలి. అప్పజెప్పలేనివాడికి దెబ్బలు పడతాయి. తన కొడుకును అలాంటి చోటికి పంపడానికి గిజుభాయికి మనసు ఒప్పలేదు. కాని మరో దారి ఏమిటో ఆయనకు తెలియదు.

దారి వెతుకుతూ ఆయన వసో గ్రామంలో ఉన్న మోతీభాయి అమీన్‌ను కలిశారు. బరోడా సంస్థానంలో గ్రంథాలయోద్యమానికి ఆద్యుడు మోతీభాయి. ఆయన గిజుభాయి చేతిలో మరియా మాంటిస్సోరి విద్యా పద్ధతిని వివరించే పుస్తకం పెట్టారు. ఆ పుస్తకమే ఆ వకీలు జీవితాన్ని మార్చింది.

మాంటిస్సోరి ఇటలీ దేశపు వైద్యురాలు. బుద్ధిమాంద్యం ఉన్నదని, చదువు రాదని అందరూ వదిలేసిన పిల్లలతో ఆమె తొలుత పనిచేశారు. వారిలో కొందరు చదవడం, రాయడం నేర్చుకుని మామూలు బడి పిల్లలతో పాటు పరీక్షలో నెగ్గారు. లోకమంతా ఆమెను మెచ్చుకుంటుంటే ఆమెకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. ఈ పిల్లలే ఇంత నేర్చుకోగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలను మన బడులు ఎంత వెనక్కి లాగుతున్నట్లు? 1907లో రోమ్ నగరంలోని ఒక పేదవాడలో ఆమె చిన్నపిల్లల కోసం శిశుగృహాన్ని తెరిచారు. లోపం పిల్లవాడిలో కాదు, నేర్పే తీరులో ఉండవచ్చు అన్న ఈ ఆలోచనను గిజుభాయి చివరిదాకా వదలలేదు.

1916లో ఆయన వకాల్తా మానేసి, నానాభాయి భట్ భావనగర్‌లో నడుపుతున్న దక్షిణామూర్తి విద్యార్థి భవన్‌లో చేరారు. మొదట పెద్ద తరగతుల పిల్లలకు బోధించారు. అయితే చదువంటే భయం, విసుగు ఆ వయసుకే పిల్లల్లో పాతుకుపోయి ఉన్నాయని గమనించారు. పని ఇంకా కింది నుంచి మొదలు కావాలని గ్రహించి, 1920లో బాలమందిరాన్ని స్థాపించారు. 1922లో తఖ్తేశ్వర్ గుడి దగ్గరి గుట్ట మీద దానికి కొత్త భవనం ఏర్పడింది. కస్తూరిబా గాంధీ దాన్ని ప్రారంభించారు.

ఆ బాలమందిరంలో చదువు ఎలా నేర్పేవారు? మీకు పనికివచ్చే సంగతి కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చూద్దాం.

మాంటిస్సోరి పద్ధతిలో పుస్తకం మొదట రాదు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను నున్నని పలకల మీద అతికిస్తారు. పిల్లవాడు రెండు వేళ్ళతో అక్షరం మీద, రాసే దిశలోనే తడుముతూ దాని ధ్వనిని పలుకుతాడు. కన్ను చూస్తుంది, చెవి వింటుంది, చెయ్యి గుర్తు పెట్టుకుంటుంది. మన వీధిబడుల్లో ఇసుకలో వేలితో దిద్దించేవారు కదా, అదీ మంచి పద్ధతే. దాని వెనుక బెత్తం ఉండడమే చిక్కు. తర్వాత విడి అక్షరాలు ఇస్తారు. పిల్లవాడు తనకు తెలిసిన మాటను ఆ అక్షరాలతో నేల మీద పేర్చుకుంటాడు. తప్పయితే తీసి మళ్ళీ పేరుస్తాడు. పలక మీద కొట్టివేత లేదు, ఎర్ర సిరా లేదు.

ఆ పైన చీటీలు. ఒక చీటీ మీద వస్తువు పేరు ఉంటుంది. చదివి ఆ వస్తువు పక్కన పెట్టాలి. మరో చీటీ మీద తలుపు మూయమనో, గంట మోగించమనో ఉంటుంది. పిల్లవాడు మనసులో చదువుకుని, లేచి ఆ పని చేస్తాడు. పైకి చదవనక్కరలేదు కాబట్టి నలుగురిలో తప్పు పలికి నవ్వుల పాలవుతానన్న భయం ఉండదు. వాడికి అర్థమయిందో లేదో చేసిన పనే చెబుతుంది. గిజుభాయి ఈ పద్ధతిని గుజరాతీ భాషకు, అక్కడి పాటలకు, కథలకు, ఆటలకు అనువుగా మలిచారు.

ఇక్కడ కాసేపు పుస్తకం మూసి ఆలోచించండి. మీ ఇంట్లో పిల్లల కోసం అట్టముక్కల మీద ఇలాంటి చీటీలు ఎన్ని రాయగలరు? ఒత్తులు లేని చిన్న మాటలతో మొదలుపెట్టండి. రోజుకు నాలుగు చీటీలు చాలు.

గిజుభాయికి గుబురు మీసాలుండేవి. అయినా ఆయన పిల్లలను లాలించే తీరు చూసి జనం ఆయనను 'మూఛాళీ మా' అన్నారు. గుజరాతీలో ఆ మాటకు మీసాల అమ్మ అని అర్థం. ఆయన సుమారు 200 పుస్తకాలు రాశారు. వాటిలో చాలా భాగం పిల్లల కథలు. పెద్దల కోసం రాసిన వాటిలో 'దివాస్వప్న' ప్రసిద్ధం. అంటే పగటికల. 1930ల తొలినాళ్ళలో వెలువడిన ఈ కల్పిత కథను అనేక భారతీయ భాషలలోకి అనువదించారు.

అందులో ఒక కొత్త ఉపాధ్యాయుడు విద్యాధికారి అనుమతితో నాలుగో తరగతిని ఒక ఏడాదిపాటు ప్రయోగం కోసం తీసుకుంటాడు. మొదటి రోజు పిల్లలతో మౌనం పాటించే ఆట ఆడించబోతాడు. పిల్లలు జంతువుల కూతలు కూస్తారు, చప్పట్లు కొడతారు. తరగతి గందరగోళమవుతుంది. ఉపాధ్యాయుడు ఓడిపోయి పిల్లలకు సెలవిచ్చి పంపేస్తాడు. తన పద్ధతిని గొప్పగా చూపించుకోవడానికి రాసిన రచయిత ఎవరూ ఇలా మొదలుపెట్టరు. గిజుభాయి నిజాయితీ నాకు ఇక్కడే ఎక్కువగా కనబడుతుంది.

మరునాడు ఆ ఉపాధ్యాయుడు కథ చెబుతాడు. అల్లరి ఆగిపోతుంది. రోజులు గడుస్తున్నా కథలే నడుస్తుంటే ప్రధానోపాధ్యాయుడు, తోటి ఉపాధ్యాయులు పాఠం ఎప్పుడు మొదలవుతుందని నిలదీస్తారు. పాఠ్యపుస్తకాలు కొనే డబ్బుతో కథల పుస్తకాలు కొని తరగతికే ఒక చిన్న గ్రంథాలయం పెడదామంటే తల్లిదండ్రులు సణుగుతారు. కాని చెవితో విన్న కథలను కళ్ళతో వెతుక్కోవడం పిల్లలకు సరదా అవుతుంది. వచ్చే మాట ఏమిటో ముందే కొంత తెలుసు కాబట్టి చదవడం బరువుగా ఉండదు. చదవలేని పిల్లవాడికి అప్పజెప్పే పాఠాలు పెంచడం మన అలవాటు. గిజుభాయి ముందు కథల మీద ఆకలి పుట్టించారు.

ఒక మాట చెప్పాలి. కథలు, ఆటలు, ప్రేమ ఉన్నా కొందరు పిల్లలకు చదవడం కష్టంగానే ఉంటుంది. 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటివైద్యుడు చదవడంలోని ఇబ్బందికి డిస్లెక్సియా అనే మాటను వాడారు. ఇది తెలివితక్కువతనం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. అక్షరాన్ని, ధ్వనిని కలిపి గుర్తించడంలో వచ్చే చిక్కు. ఇలాంటి పిల్లలకు నిపుణుల సహాయం, ఎక్కువ సమయం, ధ్వనుల మీద క్రమమైన అభ్యాసం కావాలి. మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఈ అభ్యసన వైకల్యాలను కూడా గుర్తించింది. కాబట్టి ఏడాది ఓపికగా ప్రయత్నించినా మీ బిడ్డ చదవలేకపోతే మీ ప్రేమలో లోటుందని బాధపడకండి. బడిలో అడిగి పరీక్ష చేయించండి.

బాలమందిరానికీ ఒక పరిమితి ఉండేది. ఇలాంటి చదువు పేదల గుడిసెల దాకా చేరడం లేదు. 1923లో గిజుభాయితో చేరిన తారాబాయి మోదక్‌ను ఈ లోటు బాధించింది. ఆమె తర్వాతి కాలంలో మహారాష్ట్ర తీరంలోని బోర్డీకి, అక్కడి నుంచి కోస్బాడ్‌కు వెళ్ళి ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వారి వాకిట్లోకి తీసుకుపోయారు.

గిజుభాయి 1936లో దక్షిణామూర్తి సంస్థను విడిచి, రాజ్‌కోట్‌లో ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతిన్నది. 1939 జూన్ 23న బొంబాయిలో కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. అదే సంవత్సరం నవంబరులో మరియా మాంటిస్సోరి మొదటిసారి భారతదేశానికి వచ్చి మద్రాసులోని అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించారు. ఏళ్ళ తరబడి ఆమె పద్ధతిని గుజరాతీ పిల్లల మధ్య నడిపించిన మనిషి ఆమెను చూడలేకపోయారు.