మహిమలు చూపనక్కరలేని మెస్సీయ

భగవంతుడే భూమిపై అవతరించి ధర్మాన్ని నిలుపుతాడన్న భావన కోనసీమ వాసులకు సుపరిచితం. భీష్మైకాదశినాడు అంతర్వేదిలో నృసింహస్వామి రథాన్ని లాగే భక్తుని విశ్వాసం అదే. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల క్రైస్తవ మందిరాలలో మెస్సీయ అన్న మాట వినిపించినప్పుడు శ్రోతల మనస్సులో మెదిలేది దైవకుమారుడైన యేసుక్రీస్తు. అయితే ఆ మాట పుట్టింది యూదులలో. హీబ్రూ భాషలో దాని అర్థం అభిషిక్తుడు, అనగా తైలాభిషేకం పొందినవాడు. రాబోవు ఆ రాజు దేవుడా, మనుష్యుడా? వచ్చినవాడు అతడే అని గుర్తించడం ఎట్లా? ఈ ప్రశ్నలకు యూదమతంలో అత్యంత స్పష్టమైన సమాధానం చెప్పినవారిలో అగ్రగణ్యుడు పన్నెండవ శతాబ్దపు పండితుడు మోషే బెన్ మైమోన్. ఐరోపావారు ఆయనను మైమోనిడీస్ అంటారు.

స్పెయిన్ దేశంలోని కొర్డోబా నగరంలో 1138లో ఆయన జన్మించాడు. తండ్రి మైమోన్ యూదుల న్యాయాధిపతి, పండితుడు. 1148లో ఉత్తరాఫ్రికా నుండి వచ్చిన అల్మొహద్ పాలకులు ఆ నగరాన్ని ఆక్రమించి, యూదులూ క్రైస్తవులూ ఇస్లాం స్వీకరించాలని నిర్బంధించారు. మైమోన్ కుటుంబం ఊరు విడిచి, చాలా ఏండ్లు తిరిగి, మొరాకోలోని ఫెజ్ నగరం చేరింది. అక్కడా ఆ ప్రభువుల పాలనే. 1165లో ఆ కుటుంబం ఓడనెక్కి పాలస్తీనా తీరానికి, పిదప ఈజిప్టుకు వెళ్ళి, కైరో చెంతనున్న ఫుస్తాత్‌లో స్థిరపడింది.

ఈ సంచారంలోనే, ఓడలపై ప్రయాణిస్తూ సైతం, మోషే మిష్నా అనే ప్రాచీన ధర్మసంహితకు వ్యాఖ్యానం వ్రాసి 1168లో ముగించాడు. యూదుడు విశ్వసించవలసిన 13 సూత్రాలను అందులో క్రోడీకరించాడు. వాటిలో పన్నెండవది మెస్సీయ రాక. అతని రాకకు కాలం నిర్ణయించరాదు; ఆలస్యమైనా ఎదురుచూడటం మానరాదు. ఆ మెస్సీయ అందరివలె మరణిస్తాడనీ, అతని పిమ్మట కుమారుడు, మనుమడు రాజ్యమేలుతారనీ ఆ వ్యాఖ్యానంలోనే పేర్కొన్నాడు.

ఈ సిద్ధాంతానికి పరీక్ష త్వరలోనే ఎదురయింది. యెమెన్ దేశపు యూదులు బలవంతపు మతాంతరీకరణతో తల్లడిల్లుతున్నారు. అట్టి సమయంలో అక్కడ ఒకడు మెస్సీయ కాలం వచ్చినదని ప్రకటించగా, దిక్కుతోచని జనం అతని వెంటబడ్డారు. ఏమి చేయాలో తెలియక అక్కడి పండితుడు యాకోబ్ ఫుస్తాత్‌కు లేఖ వ్రాశాడు. మైమోనిడీస్ సుమారు 1172లో ప్రత్యుత్తరం పంపాడు. స్త్రీలూ బాలురూ సులభంగా గ్రహించాలని దానిని అరబ్బీ భాషలో వ్రాసి, ప్రతి ఊరిలోనూ చదివి వినిపించమని కోరాడు. ఆ మనుష్యుడు మతి చలించినవాడనీ, అతనిని కొంతకాలం బంధించి ఉంచి, ఆ సంగతి అందరికీ తెలిసిన పిదప విడిచిపెట్టమనీ సలహా ఇచ్చాడు. అట్లు చేస్తే అతని ప్రాణమూ, ప్రజల ప్రాణాలూ దక్కుతాయని ఆయన తలంపు.

స్వగృహంలోనూ విపత్తు తప్పలేదు. తమ్ముడు దావీదు రత్నాల వర్తకుడు. ఇంటి పోషణభారం వహించినవాడు. భారతదేశపు వర్తకానికై బయలుదేరిన దావీదు హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. ఎర్రసముద్రపు రేవైన ఐధాబ్ నుండి అతడు అన్నకు వ్రాసిన లేఖ నేటికీ నిలిచి ఉంది. ఆ దుఃఖంతో మైమోనిడీస్ దాదాపు ఏడాదిపాటు మంచం పట్టాడు. కోలుకున్న పిదప వైద్యవృత్తితో కుటుంబాన్ని పోషించాడు. సుల్తాన్ సలాదీన్ మంత్రికి వైద్యుడయ్యాడు.

ఆయన మహాగ్రంథం మిష్నే తోరా 14 భాగాల ధర్మశాస్త్రం. సుమారు 1178లో పూర్తయింది. దాని చివరి అధ్యాయాల విషయం మెస్సీయ. యెమెన్ లేఖలో మెస్సీయ చూపే సూచకక్రియలను అంగీకరించిన ఆయనే ఇక్కడ వాటిని అనవసరమన్నాడు. దావీదు రాజవంశీయుడు ఒకడు ధర్మశాస్త్రాన్ని అభ్యసించి, ప్రజలను ధర్మమార్గాన నడిపి, వారి యుద్ధాలు సాగిస్తే మెస్సీయ కావచ్చునని భావించవచ్చు. యెరూషలేము ఆలయాన్ని నిర్మించి, చెదరిన ప్రజను సమకూర్చినప్పుడే అది నిశ్చయం. విఫలుడైనా, హతుడైనా అతడు మెస్సీయ కాడు. 132 నుండి 135 వరకు రోమనులతో పోరాడిన బార్ కొఖ్బాను మహాపండితుడైన అకీవా మెస్సీయగా భావించినప్పుడు మహిమలేవీ అడుగలేదని ఉదాహరించాడు. తోడేలు గొఱ్ఱెపిల్లతో నివసిస్తుందన్న ప్రవచనం ఉపమానమనీ, ప్రకృతి నియమం మారదనీ వివరించాడు. పరపాలన తొలగి, కరవూ యుద్ధమూ అసూయా నశించి, మానవులు దైవజ్ఞానాన్ని ఆర్జించే తీరిక పొందడమే ఆ యుగపు ఫలం.

అందరూ అంగీకరించలేదు. దక్షిణ ఫ్రాన్సు పండితుడు అబ్రహాం బెన్ దావీదు, నాటి పెద్దలు బార్ కొఖ్బాను పరీక్షించారనే సంప్రదాయాన్ని చూపి ఖండించాడు. సామాన్యజనం అద్భుతాలకై ఎదురుచూడటం మానలేదు. యెమెన్‌లోని ఆ మనుష్యుడు రాజు ఎదుట సూచన చూపుతానని, తన తల నరికితే తిరిగి లేస్తానని పలికి ప్రాణం పోగొట్టుకున్నాడనీ, అతడు లేస్తాడని ఇంకా ఎదురుచూసేవారున్నారనీ మైమోనిడీసే ఇరువదేండ్ల తరువాత ఫ్రాన్సు పండితులకు తెలిపాడు. 1665లో మెస్సీయగా ప్రకటితుడైన షబ్బెతై జ్వీని ఎందరో యూదులు విశ్వసించగా, మరుసటి ఏడే అతడు ఇస్లాం స్వీకరించాడు.

మైమోనిడీస్ 1204లో ఫుస్తాత్‌లో మరణించాడు. ఆయన సూత్రాల ఆధారంగా ఇతరులు కూర్చిన విశ్వాసప్రకటన యూదుల ప్రార్థన గ్రంథాలలో చేరింది. నాజీల మరణశిబిరాలలో సైతం కొందరు ఆ పన్నెండవ సూత్రాన్ని గానం చేశారు. తేదీ చెప్పని, మహిమ కోరని ఆ నిరీక్షణ అక్కడ కూడా వారిని విడువలేదు.