నీలిరంగుతో లెక్క తేల్చిన సుబ్బారావు

క్యాబేజీ ఆకును కల్వంలో వేసి నూరామనుకోండి. ఆకు పని అయిపోయిందని మనం అనుకుంటాం గానీ, అందులోని కొన్ని ఎంజైములకు పని మొదలయ్యేదే అప్పుడు. అవి కణపొరల్లోని ఫాస్ఫోలిపిడ్లను ముక్కలు చేయడం మొదలుపెడతాయి. ఈ ఎంజైములనే ఫాస్ఫోలైపేజులు అంటారు. ఇదంతా కంటికి కనిపించదు. ఎంత లిపిడ్ మిగిలింది, ఎంత తెగిపోయింది అని ఎలా తెలుసుకోవడం? ప్రతి ఫాస్ఫోలిపిడ్‌లోనూ భాస్వరం ఉంటుంది కాబట్టి భాస్వరాన్ని లెక్కపెడితే చాలు. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు ఆ లెక్క ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా పరిచయమే. అందులోని రెండో పేరు మన యల్లాప్రగడ సుబ్బారావుది.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారాయన. చదువేమీ సాఫీగా సాగలేదు. రెండుసార్లు మెట్రిక్ తప్పి, మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక, గాంధీజీ పిలుపు విని ఖాదీ సర్జికల్ గౌను వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసరుకు అది గిట్టలేదు. మిగతా సబ్జెక్టుల్లో బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువైన ఎల్‌ఎంఎస్. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం కోసం ప్రయత్నిస్తే అదీ రాలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. తనకూ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థా సాయం చేస్తే 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోనే లేదు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా అయితే చదివారు గానీ, ఎల్‌ఎంఎస్‌తో అక్కడ డాక్టరుగా పనిచేసే వీల్లేదు. పొట్ట గడవడానికి రాత్రిళ్లు ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగే పని చేశారు. తర్వాత హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కే దగ్గర బయోకెమిస్ట్రీలో చేరారు.

ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి చెప్పడానికి చాలా తేలిక. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేటుతో జతకడుతుంది. దానికి అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే క్షయకరణి కలిపితే నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన మోతాదుతో పోల్చుకుంటే లెక్క వచ్చేస్తుంది. రక్తంలోనైనా మూత్రంలోనైనా కొద్దిపాటి భాస్వరాన్ని సైతం కొలవొచ్చు.

అసలు కథ నడిచింది కండరం దగ్గర. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు రావాల్సిన వేగంతో రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే రీఏజెంట్ పాడైందని పారబోసి మళ్లీ కలుపుకునేవారేమో! వీళ్లు మాత్రం ఏదో ఒక పదార్థం ఆమ్లంలో కొద్దికొద్దిగా విడిపోతూ ఫాస్ఫేటు వదులుతోందని పసిగట్టారు. 1927లో బయటపడిన ఫాస్ఫోక్రియాటిన్ అదే. 1929లో ఏటీపీ సంగతీ ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిపోయారు. తర్వాతి ఎనిమిదేళ్లలో ఆయన బృందాల చేతుల మీదుగా వచ్చినవి చాలామందికి తెలిసినవే: స్ప్రూ రోగులకు పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు హెట్రజాన్, ల్యుకేమియా మీద వాడిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. వీటిలో ఒక్కోదానికీ ఒక్కో వ్యాసం కావాలి.

ఆయన మొక్కల మీద పనిచేసినవారు కాదు. కానీ ఆయన లెడర్లీలో ఉన్న కాలంలోనే, 1947-48లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హనహాన్, ఛైకాఫ్ క్యారెట్టునీ క్యాబేజీ ఆకునీ పరీక్షించి ఓ వింత గమనించారు. పచ్చిగా నూరి తీస్తే లిపిడ్లలో భాస్వరం ఉంది గానీ కోలిన్ ఉండాల్సినంత లేదు. ముందే ఆవిరి పట్టిస్తే కోలిన్ చెక్కుచెదరలేదు. అంటే నూరుతుండగానే ఏదో ఎంజైము కోలిన్‌ను తెంచేస్తోందన్నమాట. దాన్నే ఇప్పుడు ఫాస్ఫోలైపేజ్ డి అంటున్నాం.

ఇంటర్వ్యూలో ఈ ఎంజైముల తేడా అడిగితే భాస్వరం ఎటు పోయిందో చెప్పండి, సరిపోతుంది. ఫాస్ఫోలైపేజ్ ఏ కొవ్వు ఆమ్లాన్ని కోస్తుంది, భాస్వరం లిపిడ్‌లోనే ఉంటుంది. డి అయితే కోలిన్‌ను ఊడదీస్తుంది, అప్పుడూ భాస్వరం లిపిడ్‌తోనే. సి మాత్రం భాస్వరాన్ని తెంచి నీళ్లలోకి పంపేస్తుంది. అందుకే లిపిడ్లను వేటికవి విడదీసి ఒక్కోదానిలో భాస్వరం కొలవాలి. 1959లో బార్ట్‌లెట్ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని కాస్త మార్చి సరిగ్గా ఇందుకు అనువుగా చేశారు. ముందు లిపిడ్‌ను ఆమ్లంలో వేడిచేసి మొత్తం విరగ్గొట్టాలి, తర్వాత నీలం చూడాలి.

ఈ లెక్క అవసరం పొలంలోనూ ఉంది. నేలలో భాస్వరం కరువైతే మొక్క తన కణపొరల్లోని ఫాస్ఫోలిపిడ్లను కొంత విరిచి ఆ భాస్వరాన్ని వేరే పనులకు వాడుకుంటుంది. వాటి స్థానంలో భాస్వరం లేని గెలాక్టోలిపిడ్లను పెట్టుకుంటుంది. ఎండ, చలి, గాయం తగిలినప్పుడు కూడా ఫాస్ఫోలైపేజ్ డి లాంటివి చురుగ్గా పనిచేస్తాయి.

1948 ఆగస్టులో నిద్రలోనే సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53. క్యాబేజీ ఎంజైము వ్యాసం అచ్చయింది కూడా ఆ ఏడాదే. ఇప్పటికీ లిపిడ్లు తీయడానికి ఆకు కోయగానే వేడి ఐసోప్రొపనాల్‌లో ముంచుతారు, ఫాస్ఫోలైపేజులు అక్కడికక్కడే ఆగిపోవడానికి. ఆ తర్వాత లిపిడ్లను వేరుచేసి, ఆమ్లంలో కాల్చి, మాలిబ్డేట్ పోసి నీలం రంగు కోసం చూస్తారు.