నల్లగీతల పటం

ఒక వ్యాధి ఎందువల్ల వచ్చిందని ప్రశ్నించిన వైద్యులు ప్రతి యుగంలోనూ ఉన్నారు. అది ఏ ఇంటికి వచ్చింది, ఆ పక్క ఇంటికి ఎందుకు రాలేదు అని వీధివీధి తిరిగి విచారించినవారు అరుదు. అటువంటి అరుదైన వైద్యుడు జాన్ స్నో. పటాలను, గణాంకాలను కంప్యూటరులో ఒకదానితో ఒకటి జోడించి పరిశోధన సాగించే పద్ధతిని నేడు భౌగోళిక సమాచార వ్యవస్థ లేదా జి.ఐ.ఎస్. అంటున్నాం. ఆ శాస్త్రాన్ని అభ్యసించే విద్యార్థులకు తొలి పాఠాలలోనే స్నో పేరు వినిపిస్తుంది. ఆయనకు మాత్రం కంప్యూటరు లేదు. ఆయన వద్ద ఉన్నవి ఒక మృతుల జాబితా, లండను నగర పటం, అలసట ఎరుగని కాళ్ళు.

స్నో 1813 మార్చి 15వ తేదీన ఇంగ్లండులోని యార్క్ నగరంలో ఒక శ్రామిక కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదిమంది సంతానంలో ఆయనే జ్యేష్ఠుడు. పద్నాలుగవ ఏట న్యూకాజిల్ పట్టణంలో ఒక శస్త్రవైద్యుని వద్ద శిష్యుడుగా చేరాడు. 1831-32లో ఆ ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు, ఇరవై ఏళ్ళైనా నిండని ఆ యువకుడు కిల్లింగ్‌వర్త్ బొగ్గుగని కార్మికులకు వైద్యం చేయడానికి వెళ్ళాడు. ఉదయం ఆరోగ్యంగా ఉన్న మనిషి సాయంత్రానికి శవమయ్యే ఆ వ్యాధి ముందు నాటి మందులేవీ నిలవలేదు. భూగర్భంలో మరుగుదొడ్లు లేకపోవడం, కార్మికులు కడుక్కోని చేతులతోనే భోజనం చేయడం వంటి విషయాలను స్నో తరువాతి కాలంలో తన గ్రంథంలో ప్రస్తావించాడు.

1836లో ఆయన లండను చేరాడు. 1844లో లండను విశ్వవిద్యాలయం నుండి ఎం.డి. పట్టం పొందాడు. మత్తుమందుల ప్రయోగంలో ఆయన సాధించిన నైపుణ్యం ఎంతటిదంటే, 1853లో విక్టోరియా మహారాణి ప్రసవ సమయంలో క్లోరోఫారం ఇవ్వడానికి ఆయననే పిలిచారు. మితభాషి, అవివాహితుడు. రాజప్రాసాదం వరకు వెళ్ళిన ఈ కీర్తి కలరా విషయంలో ఆయనకు ఏమాత్రం అక్కరకు రాలేదు.

ఆ కాలంలో కలరా చెడుగాలి వల్ల వ్యాపిస్తుందని పండితులు, ప్రభుత్వాధికారులు గట్టిగా విశ్వసించేవారు. కుళ్ళిన పదార్థాల దుర్గంధమే మృత్యుకారకమని వారి సిద్ధాంతం. స్నో ఆలోచన వేరు. గాలి వల్ల వచ్చే వ్యాధి అయితే మొదట ఊపిరితిత్తులను తాకాలి. కలరా మొదట ప్రేగులను తాకుతున్నది కాబట్టి దాని విషం నోటి ద్వారా, ముఖ్యంగా మురుగు కలిసిన నీటి ద్వారా లోపలికి పోతున్నదని 1849లో ఆయన ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. తర్కం బాగానే ఉన్నా నిదర్శనం చాలదన్నారు పెద్దలు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు.

నిదర్శనం 1854లో అతి దారుణమైన రూపంలో ఎదురైంది. ఆగస్టు 31వ తేదీ రాత్రి లండనులోని సోహో పేటలో బ్రాడ్ వీధి పరిసరాలలో కలరా ఒక్కసారిగా విరుచుకుపడింది. మూడు రోజులలో 127 మంది మరణించారు. బ్రతికినవారు ఇళ్ళు విడిచి పారిపోసాగారు. స్నో ఆ పేటకు సమీపంలోనే నివసించేవాడు. ఆయన జనన మరణాల నమోదు కార్యాలయానికి వెళ్ళి, అక్కడ నమోదైన 83 కలరా మరణాల వివరాలు చిరునామాలతో సహా సేకరించి, ఇల్లిల్లూ తిరగడం ప్రారంభించాడు. దాదాపు అన్ని మరణాలూ బ్రాడ్ వీధిలోని చేతిపంపు చుట్టూనే జరిగాయి. మరొక పంపుకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో చనిపోయినవారు పదిమంది మాత్రమే. వారిని గురించి విచారిస్తే, ఐదుగురి కుటుంబాలు బ్రాడ్ వీధి నీటినే ఇష్టపడి తెప్పించుకునేవని తెలిసింది. ఇంకో ముగ్గురు ఆ పంపు సమీపంలోని బడికి వెళ్ళే పిల్లలు.

ఆయన ప్రతిభ నిజంగా వెల్లడయ్యేది మరణాలు జరగని చోట్ల విషయంలో. పంపుకు కూతవేటు దూరంలో పేదల ఆశ్రమం ఒకటి ఉంది. చుట్టూ ఉన్న ఇళ్ళలో చావులే. లోపల ఉన్న 535 మందిలో మరణించినవారు ఐదుగురే. ఆ ఆశ్రమానికి సొంత బావి ఉంది. బ్రాడ్ వీధిలోనే ఉన్న బీరు కర్మాగారంలో డెబ్బైమందికి పైగా పనివారుండగా ఒక్కరూ కలరాతో చనిపోలేదు. వారికి రోజూ బీరు ఇచ్చేవారు. వీధి పంపు జోలికి పోయేవారు కారు. దీనికి విరుద్ధంగా, ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో కలరా లేని చోట ఒక వృద్ధురాలు కలరాతో మరణించింది. ఆమె పూర్వం బ్రాడ్ వీధి నివాసి. ఆ నీటి రుచి మరువలేక సీసాలో తెప్పించుకుని త్రాగేది. గాలి సిద్ధాంతం ఆమె మరణాన్ని ఏ విధంగా వివరించగలదు?

సెప్టెంబరు 7వ తేదీ సాయంత్రం స్నో ఆ పేట పాలకమండలి ముందు తన వాదం వినిపించాడు. మరునాడు పంపు పిడిని తొలగించారు. అంతటితో కలరా ఆగిపోయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. అది పూర్తిగా నిజం కాదు. జనం అప్పటికే వలసపోయినందువల్ల వ్యాధి తగ్గుముఖం పట్టిందని స్నో స్వయంగా అంగీకరించాడు. సుప్రసిద్ధమైన ఆయన పటం కూడా అప్పటికి సిద్ధం కాలేదు. దానిని ఆయన ఆ తరువాత తయారుచేశాడు. వీధుల పటం మీద ఒక్కొక్క మరణానికి ఒక్కొక్క నల్లని గీత చొప్పున, చావు సంభవించిన ఇంటి వద్దనే గుర్తించాడు. పంపు చుట్టూ గీతలు దొంతరలుగా పేరుకున్నాయి. 1855లో స్థానిక విచారణ సంఘం నివేదికకు ఇచ్చిన పటంలో మరొక అడుగు ముందుకు వేశాడు. ఏ ప్రదేశాల నుండి నడిచి వెళ్తే బ్రాడ్ వీధి పంపు, ఇతర పంపులు సమాన దూరంలో ఉంటాయో లెక్కించి, ఆ ప్రదేశాలను కలుపుతూ ఒక రేఖ గీశాడు. పక్షి ఎగిరే దూరం కాదు, బిందె పట్టుకుని మనిషి నడిచే దూరం. నేడు ఆసుపత్రులను ఎక్కడ నెలకొల్పాలో జి.ఐ.ఎస్. ద్వారా నిర్ణయించేవారు వేసే లెక్క ఇటువంటిదే.

హెన్రీ వైట్‌హెడ్ అనే యువ మతాచార్యుడు మొదట స్నో మాట నమ్మలేదు. దానిని ఖండించాలనే పేటలో విచారణ సాగించి, చివరకు దానికే బలమైన సాక్ష్యం సంపాదించాడు. పంపు ఎదుటి ఇంట్లో ఒక పసిపాప అతిసారంతో మరణించింది. తల్లి పొత్తిగుడ్డలు ఉతికిన నీటిని ఇంటి ముందరి మలగుంటలో పోసింది. తవ్వి చూస్తే, శిథిలమైన ఆ గుంటకు, పంపు బావికి మధ్య మూడడుగుల దూరం కూడా లేదు. పంపు పిడి తీసిన రోజునే ఆ పాప తండ్రికి కలరా సోకింది. పిడి ఉండి ఉంటే మరెన్ని ప్రాణాలు పోయేవో!

అదే ఏడు దక్షిణ లండనులో స్నో మరింత విస్తృతమైన పరిశోధన సాగించాడు. అక్కడ ఒకే వీధిలో రెండు కంపెనీల గొట్టాలు ఉండేవి. లాంబెత్ కంపెనీ 1852లో థేమ్స్ నది ఎగువకు తరలివెళ్ళి శుభ్రమైన నీరు తెచ్చేది. సౌత్‌వార్క్-వాక్స్‌హాల్ కంపెనీ నగరపు మురుగు కలిసే చోటనే నీరు తోడేది. గాలి ఒకటే, వీధి ఒకటే, నీరు వేరు. ఏ ఇంటికి ఏ కంపెనీ నీరో నివాసులకే తెలియనప్పుడు, నీటిలోని ఉప్పు పరిమాణాన్ని పరీక్షించి స్నో తేల్చేవాడు. ప్రతి పదివేల ఇళ్ళకు సౌత్‌వార్క్ నీరు త్రాగిన చోట 315 మరణాలు, లాంబెత్ నీరు త్రాగిన చోట 37.

అయినా ఆరోగ్య మండలి ఆయన నిర్ణయాన్ని తిరస్కరించింది. గణాంక శాస్త్రవేత్త విలియం ఫార్ కూడా అంతకుముందే మరణాలను ప్రదేశాలతో జోడించి పరిశీలించాడు. నదికి దగ్గరగా ఉన్న పల్లపు నేలలలో చావులు ఎక్కువని కనుగొని, అక్కడి చెడుగాలే కారణమని తలచాడు. ఆయన లెక్క సరైనదే. పల్లంలో ఉన్నవారు త్రాగే నీటికి ఆయన తగిన ప్రాధాన్యం ఇవ్వలేదు.

1858 జూన్ 10వ తేదీన మత్తుమందులపై గ్రంథం వ్రాస్తుండగా స్నో పక్షవాతానికి గురై, 16వ తేదీన తన నలభై ఐదవ ఏట కన్నుమూశాడు. 1866లో తూర్పు లండనులో కలరా మళ్ళీ చెలరేగింది. మృతుల ఇళ్ళను నీటి కంపెనీల సరఫరా ప్రాంతాలతో పోల్చి చూసి, ఒకే కంపెనీ నీరు అందుకునే పేటలలోనే చావులు గుమిగూడాయని, ఆ నీరే కారణమని ప్రకటించినవాడు విలియం ఫార్.