పేషెంట్లను చూడని డాక్టర్.. మన గడప దాకా వచ్చిన మందు

ఎంబీబీఎస్ అయ్యాక మీ అమ్మాయి ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ చేస్తానంటే ఏమంటారు? పేషెంట్లను చూడని డాక్టర్ చదువు ఎందుకంటారు కదూ! అయితే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుసుకోండి.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఫలితంగా ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. అప్పట్లో దానికి సరైన మందే లేదు.

1922లో ఆయన అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేశారు. ఖర్చుల కోసం రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేశారు. 1930లో పీహెచ్‌డీ అందుకున్నారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలను నడిపించారు. గర్భిణులకు మనం ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది ఆయన బృందమే. బోదకాలు వ్యాధికి డీఈసీ మందు 1947లో అక్కడి నుంచే వచ్చింది. మరుసటి ఏడాదే, 53 ఏళ్లకు ఆయన కన్నుమూశారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాసులకు బోదకాలు గురించి చెప్పక్కర్లేదు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఇచ్చిన మాత్రల్లో డీఈసీ ఒకటి. కాలు వాయకపోయినా రక్తంలో ఫైలేరియా పిల్లపురుగులు ఉండొచ్చు. దోమ వాటిని మరొకరికి చేరవేస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవారూ మాత్రలు వేసుకోవాలి. పెద్ద పురుగులు ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి ఏటా వేసుకోవాలి. తిన్నాక, కార్యకర్త ఎదుటే మింగండి. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్ర జబ్బుతో ఉన్నవారు మాత్రం వేసుకోకూడదు. కొందరికి కాస్త జ్వరం, తలనొప్పి రావచ్చు. పురుగులు చస్తున్నప్పుడు అలా అవుతుంది, భయపడొద్దు.

మందు దొరికినంత మాత్రాన జబ్బు పోదు. ఏ ఊళ్లో ఎందరి రక్తంలో పురుగులున్నాయి, మాత్రలు ఎందరు మింగారు, ఎందరు జేబులో వేసుకున్నారు అన్నది లెక్క తేలాలి. రాత్రిపూట రక్తనమూనాలు తీయించి ఆ లెక్క తేల్చేది ఎపిడమాలజీ చదివినవారే. సుబ్బారావు మొదలుపెట్టిన పనికి ముగింపు వాళ్ల చేతుల్లో ఉంది. మీ అమ్మాయి ఆ చదువు చదువుతానంటే, చదవనివ్వండి.