మత్స్యకారుల దేవతలను గ్రంథస్థం చేసిన ఎడ్గార్ థర్‌స్టన్

విశాఖ తీరాన నూకాలమ్మ పేరు ఎరుగని మత్స్యకార కుటుంబం ఉండదు. ఆ తల్లితో పాటు గంజాం, విశాఖ తీరాలలో వలపై బ్రతికినవారు కొలుచుకున్న దేవతలు నూరేళ్ళకు పూర్వమే అచ్చులోకి ఎక్కారంటే, అందుకు కారకుడు ఒక ఆంగ్లేయుడు.

1855లో జన్మించిన ఎడ్గార్ థర్‌స్టన్ లండన్‌లో వైద్యవిద్య నభ్యసించారు. 1885లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు సూపరింటెండెంటుగా వచ్చి 1908 వరకు ఆ పదవిని నిర్వహించారు. విశాఖపట్నం నాడు మద్రాసు రాజధానిలోని జిల్లా అని మీకు విదితమే. తొలుత ఆయన దృష్టి ముత్యపుచిప్పల మీద, శంఖాల మీద నిలిచింది. పిదప మనుషుల మీదకు మళ్ళింది.

ఆ మళ్ళిన తీరు మాత్రం మెచ్చదగినది కాదు. తలలను, ముక్కులను కొలిచి కులాల పుట్టుపూర్వోత్తరాలు తేల్చవచ్చునని ఆయన నమ్మారు. ఆ విద్యను శాస్త్రలోకం ఏనాడో త్రోసిపుచ్చింది. వయనాడులోని పణియ స్త్రీలు, తమలో మేలైనవారిని ఎంచి, చంపి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెట్టడానికే ఈ దొర వచ్చాడని భయపడ్డారట! ఈ సంగతిని దాచక ఆయనే వ్రాసుకున్నారు. ఆ తల్లుల భయం మనకు నవ్వు పుట్టించరాదు.

1901లో ప్రభుత్వం తలపెట్టిన జాతుల పరిశీలన దక్షిణాదిన ఆయన చేతికి వచ్చింది. మ్యూజియంలోని సహాయకుడు కె. రంగాచారి తోడ్పడగా, 1909లో దక్షిణ భారత కులాలు, తెగలపై ఏడు సంపుటాలు వెలువడ్డాయి. విశాఖ మన్యపు తెగల వివరాలు సేకరించి అందించినవారిలో సి. హయవదనరావు ముఖ్యులు.

ఆ సంపుటాలలో మన జాలరులు, వాడబలిజలు కానవస్తారు. యెరేనమ్మ అని ఆయన వ్రాసిన తల్లి తెల్లగుర్రమెక్కి, కత్తి పట్టి, కడలిలో మునగకుండా బెస్తలను కాపాడుతుంది. బెంగాలీ బాబు అనే దేవుడు టోపీ పెట్టి నల్లగుర్రం మీద తిరుగుతాడు. ఆ టోపీ ఏ ఓడ నుండి దిగివచ్చిందో మీరే ఊహించండి!

1933లో ఓడరేవు ప్రారంభమైంది. థర్‌స్టన్ 1935లో ఇంగ్లండు నైరుతి కొసన, పెన్జాన్స్ అనే మరొక రేవుపట్నంలో కన్నుమూశారు. తరువాత ఉక్కు కర్మాగారం వచ్చింది, ఊళ్ళు కదిలాయి. తీరంలో మీ ఇంటి పెద్దలుంటే యెరేనమ్మ మాట అడిగి చూడండి. ఆయన వ్రాతలో పొరపాట్లుంటే దిద్దగలవారు వారే.