వంతెనమీది నిరాశ్రయులు – జనరల్ విలియమ్ బూత్ గారి జీవితము

ధ్యానమునకు వాక్యభాగములు: యెషయా 58:6–8, లూకా 16:19–31



లూకా సువార్త 16వ అధ్యాయములోని ధనవంతుని కథ మన మనేక పర్యాయములు వినియున్నాము. అతడు లాజరును కొట్టించినట్లుగాని, తన వాకిటనుండి తరిమివేయించినట్లుగాని అక్కడ వ్రాయబడలేదు. లాజరు ఆ వాకిటనే పడియుండెను. ప్రతిదినము కంటబడు మనుష్యుడు కొంతకాలమునకు గోడవలెను, రాయివలెను అలవాటైపోవును. కన్ను చూచును గాని హృదయము చూడదు. ఆ ధనవంతుని పాపము అదియే.

పట్టణములు ఇంకొక అడుగు ముందుకు వేయును. నడివీధిలో, అంగళ్ల యెదుట బీదవాడు పండుకొనియుండిన చూచువారికి సిగ్గుగా నుండును. కాబట్టి వానిని లేపి మరియొక వీధికి పంపివేయును. వీధి శుభ్రమగును గాని మనుష్యునికి ఇల్లు దొరకదు. ఈ సంగతిని తన కన్నులతో చూచి, చూచిన తరువాత ఊరకుండలేకపోయిన ఒక దైవజనుని చరిత్రను ఈ నెల మనము ధ్యానింతము.

బాల్యము

విలియమ్ బూత్ గారు 1829వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన ఇంగ్లండు దేశములోని నాటింగ్‌హామ్ పట్టణమునొద్ద జన్మించెను. తండ్రి సామ్యూల్ ఇండ్లు కట్టించు వ్యాపారము చేసి కొంత సంపాదించినవాడే గాని తరువాత సమస్తము పోగొట్టుకొనెను. కుమారుని చదువు ఆగిపోయెను. 13 ఏండ్ల ప్రాయములో విలియమును ఒక తాకట్టు కొట్టులో పనికి కుదిర్చిరి. కొద్ది కాలమునకే తండ్రి మరణించెను. తల్లి చిన్న అంగడి పెట్టుకొని పిల్లలను పోషించెను.

తాకట్టు కొట్టులో ఆ బాలుడు చూచినదేమి? పనిముట్లు, దుప్పట్లు, ఆదివారము కట్టుకొను ఒక్క మంచి బట్ట, ఇవన్నియు ఒకటొకటిగా ఇల్లు విడిచి ఆ కొట్టులోనికి వచ్చుచుండెను. మనుష్యుడు ఒక్క దినములో వీధిన పడడు. మెట్టు మెట్టుగా దిగి, చివరకు వీధికి చేరును. ఈ సత్యము ఆయనకు పుస్తకములవలన గాక ఆ కొట్టు బల్లయొద్దనే తెలిసెను.

1844లో, 15వ యేట, ఆయన వెస్లీయన్ మందిరములో ప్రభువునకు తన్ను తాను అప్పగించుకొనెను. తరువాత వీధులలో సువార్త చెప్పసాగెను. కొట్టులో గడువు తీరిన పిమ్మట ఒక సంవత్సరము పని దొరకక తిరిగెను. 1849లో లండనుకు పోయి అక్కడను తాకట్టు కొట్టులోనే కుదిరెను. 1855 జూన్ 16న కేథరిన్ మమ్‌ఫర్డ్ గారిని వివాహమాడెను. ఆమె గొప్ప విశ్వాసి, ఆలోచనాపరురాలు. స్త్రీలు ప్రసంగించుట అరుదైన ఆ దినములలో తానే వేదికయెక్కి వాక్యము బోధించినది. వారికి ఎనమండుగురు బిడ్డలు.

తూర్పు లండనులో

మెథడిస్టు సంఘములలో ఒకదానికి బూత్ గారు బోధకుడుగా నుండెను. అయితే ఒక్క చోట స్థిరపడుమని పెద్దలు కోరగా, ఊరూర తిరిగి సువార్త చెప్పవలెనను భారము విడువలేక 1861లో ఆ ఉద్యోగమును వదలుకొనెను. జీతములేదు, ఇల్లులేదు, చిన్న బిడ్డలు చేతిలో నుండిరి. 1865లో తూర్పు లండనులోని వైట్‌చాపెల్ అను పేటలో పాత శ్మశాన స్థలమున వేసిన ఒక గుడారములో కూటములు ఆరంభించెను. సారాయి అంగళ్లు మెండుగా నుండిన పేట అది. ఆ చిన్న మిషనే 1878లో రక్షణ సైన్యము అను పేరు పొందెను. బూత్ గారు దానికి జనరల్ అయ్యెను. వీధులలో వారిమీద రాళ్లు, కుళ్లిన కూరలు పడెను. అయినను పని పెరుగుచునే యుండెను.

వంతెనమీద ఒక రాత్రి

ఆ కాలపు లండను లోకములోనెల్ల ధనముగల పట్టణము. అందులోనే ఇల్లులేని వేలాది జనులు. 1824లో చేసిన ఒక చట్టము ప్రకారము, జీవనాధారము చూపలేక ఆరుబయట పండుకొనువానిని పట్టి శిక్షింపవచ్చును. ప్రభుత్వపు బీదల గృహములలో రాత్రికి చోటు దొరకును గాని, దానికి వెల యున్నది. 1882 చట్టము ప్రకారము అక్కడ చేరినవాడు ఆ మరునాడంతయు లోపలనే యుండి, రాళ్లు కొట్టుటో, పాత తాళ్లను పీచుగా విప్పుటో చేసి, మూడవదినము ఉదయము 9 గంటలకు గాని బయటికి రాకూడదు. తెల్లవారకముందే ఓడరేవుకు పోయి నిలువబడినవానికే కూలి దొరకు పట్టణములో, 9 గంటలకు బయటికి వచ్చినవానికి పని యెక్కడిది? మరల రాత్రికి వాడు వీధిలోనే. చట్టము వానిని సోమరియనెను గాని, పనికి పోవు త్రోవను చట్టమే మూసెను.

1887 వేసవినుండి వందలకొలది నిరాశ్రయులు లండను నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేర్ అను మైదానములో రాత్రులు గడుపుచుండిరి. నవంబరులో పోలీసు అధికారి అక్కడ సభలను నిషేధించెను. 13వ తేదీన జనులకును పోలీసువారికిని పెద్ద ఘర్షణ జరిగెను. కొంతకాలమునకు మైదానము ఖాళీ అయ్యెను. జనులు మాత్రము మాయము కాలేదు.

ఆ చలికాలమందే బూత్ గారు పొరుగూరిలో ఒక మందిరమును ప్రారంభించి, అర్ధరాత్రి దాటిన తరువాత లండను వంతెనమీదుగా ఇంటికి వచ్చుచుండెను. వంతెన ప్రక్కగోడల గూళ్లలో మనుష్యులు ఒకరినొకరు ఒరుగుకొని, కాగితములు కప్పుకొని నిద్రించుచుండిరి. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లవారగానే కుమారుడైన బ్రామ్‌వెల్‌ను పిలిచి, ఈ సంగతి నీకు తెలియునా యని అడిగెను. తెలియునని కుమారుడు చెప్పెను. తెలిసియు ఏమియు చేయకుండుట ఎట్లని తండ్రి గద్దించెను. అందరిని ఆదుకొనుట మనవల్ల కాదని కుమారుడు సమాధానము చెప్పగా, ఒక గిడ్డంగిని తీసికొని వెచ్చచేసి వారికి చోటియ్యుమని ఆజ్ఞాపించెను.

1888 ఫిబ్రవరిలో లైమ్‌హౌస్ అను రేవుపేటలో మొదటి ఆశ్రయ గృహము తెరువబడెను. అక్కడ కొద్దిపాటి పైసలకే వేడి రసము, రొట్టె దొరకును. నాలుగు పెన్నీలకు రాత్రి ఆహారము, పడక, ఉదయపు ఆహారము ఇచ్చిరి. రాత్రి ప్రార్థన కూటము కూడ ఉండెను. పడకలు పెద్ద సౌఖ్యమైనవి కావు. పొడవాటి చెక్కపెట్టెలవంటి వాటిలో పరుపు, దానిపై తోలుదుప్పటి. అయినను పైన కప్పు ఉండెను, తలుపు ఉండెను, లేపి తరుమువాడు లేడు.

వెల ఎందుకు పెట్టిరని కొందరు అడిగిరి. తన నాలుగు పెన్నీలు తానిచ్చి లోపలికి వచ్చినవాడు అతిథి, ఉచితముగా పొందినవాడు తన దృష్టిలో తానే తక్కువవాడగునని బూత్ గారి తలంపు. చేతిలో ఏమియు లేనివానికి పని చూపించి, ఆ పనికి బదులుగా చోటిచ్చు ఏర్పాటును చేసిరి.

జట్కా గుఱ్ఱము

పట్టణమును బాగుచేయగోరువాడు మొదట లెక్క తెలిసికొనవలెను. 1890 జూన్ నెలలో ఒక రాత్రి బూత్ గారి మనుష్యులు థేమ్స్ నది కరకట్టమీదను, కోవెంట్ గార్డెన్ అంగడివీధిలోను ఆరుబయట నిద్రించుచున్నవారిని లెక్కపెట్టిరి. కరకట్టమీద 270 మంది, అంగడిలో 98 మంది, మొత్తము 368 మంది ఉండిరి. వారు మరియొక సంగతియు కనుగొనిరి. కరకట్టలో ఒక భాగము ఒక పోలీసు శాఖ క్రిందను, మిగిలిన భాగము వేరొక శాఖ క్రిందను ఉండెను. మొదటి శాఖవారు బల్లలమీద పండుకొననియ్యరు. రెండవవారు చూచి చూడనట్లు పోనిచ్చెదరు. కాబట్టి జనులందరు సరిహద్దు దాటి ఆ రెండవ భాగమునకు చేరిరి. తరుముట వలన జరుగునది ఇంతే. నిరాశ్రయుల సంఖ్య తగ్గదు, స్థలము మారును.

ఆ సంవత్సరమే అక్టోబరులో ఆయన చీకటి ఇంగ్లండును గూర్చియు దానినుండి బయటపడు మార్గమును గూర్చియు ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. స్టెడ్ అను పత్రికా సంపాదకుడు దాని రచనలో సహాయపడెను. దేశములో పదవవంతు జనులు, అనగా సుమారు 30 లక్షలమంది, లేమిలో మునిగియున్నారని బూత్ గారు అంచనా వేసెను. అందులో ఆయన చెప్పిన ఉపమానము మన పల్లెవారికిని సులభముగా తెలియును. లండను వీధులలో మన జట్కాలవంటి బాడుగ బండ్లుండెను. బండి గుఱ్ఱము జారి పడినయెడల, తప్పు గుఱ్ఱముదా, బండివానిదా యని ఎవడును విచారణ చేయుచు నిలువబడడు. ముందు దానిని లేపుదురు. బ్రదికియున్నంతకాలము దానికి మేతయు, కొట్టమును, పనియు ఉండును. గుఱ్ఱమునకు దొరకు ఈ మూడు మనుష్యునికి దొరకకపోవుట యేమని ఆయన అడిగెను.

ఆ గ్రంథము ముగియుచున్న దినములలో కేథరిన్ గారు కాన్సరు వ్యాధితో మంచముననుండిరి. అది జనులచేతికి రాకమునుపే, అక్టోబరు 4న ఆమె ప్రభువునందు నిద్రించిరి. తన ఇంట దుఃఖము నిండియుండగా బూత్ గారు పరుల దుఃఖమును మోయుట మానలేదు.

ఆయన పథకములో మూడు మెట్లు. మొదట పట్టణములో ఆశ్రయము, పనిస్థలములు. తరువాత పల్లెలో వ్యవసాయ క్షేత్రము. చివరకు సముద్రముల కావల క్రొత్త భూములు. దీనికి 1,00,000 పౌనులు కావలెనని ఆయన అడుగగా కొన్ని నెలలలోనే జనులు ఇచ్చిరి. 1891లో ఎసెక్స్ ప్రాంతమున హాడ్లీ అను చోట పొలము కొని వ్యవసాయము ఆరంభించిరి. ఆ సంవత్సరమే లండనులో అగ్గిపెట్టెల కర్మాగారము పెట్టిరి. అప్పటి కర్మాగారములలో తెల్ల భాస్వరము వాడుటచేత కూలివారికి దవడ ఎముక కుళ్లిపోవు ఘోరవ్యాధి వచ్చుచుండెను. రక్షణ సైన్యము అపాయములేని ఎఱ్ఱ భాస్వరము వాడి, పనివారికి ఎక్కువ కూలి ఇచ్చెను. వెల ఎక్కువైనందున ఆ కర్మాగారము 1901లో మూతపడెను. అయినను 1908లో తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలను నిషేధించు చట్టము వచ్చెను.

విమర్శలు

మంచిపని చేయువానిని అందరు మెచ్చుకొందురనుకొనరాదు. హక్స్‌లీ అను గొప్ప శాస్త్రజ్ఞుడు పత్రికలో వరుసగా లేఖలు వ్రాసి, ఒక్క మనుష్యుని చేతిలో ఇంత ధనము, ఇంత అధికారము ఉండరాదని హెచ్చరించెను. లెక్కలను పరీక్షించుటకు 1892లో పెద్దమనుష్యుల సంఘమొకటి కూర్చుండి, ధనము సక్రమముగానే ఖర్చయినదని తేల్చెను. అయినను ఆ హెచ్చరిక పూర్తిగా వ్యర్థమైనది కాదు. బూత్ గారు కఠినుడు. తన మాట కెదురు సహింపనివాడు. 1896లో ఆయన కుమారులలో ఒకడే విడిపోయి వేరు సంస్థ స్థాపించుకొనెను. సముద్రాంతర క్షేత్రము ఆయన తలచినట్లు నెరవేరలేదు. లండను వీధులలో బీదలును ఉండనే యుండిరి. ఆశ్రయ గృహము వీధినుండి లేపగలదు గాని, వీధిలో పడకుండ ఆపుటకు కూలి, పింఛను, చట్టము కూడ కావలెను. ఆ దేశములో 1908లో వృద్ధుల పింఛను చట్టమును, 1909లో పని వెదకిపెట్టు కార్యాలయముల చట్టమును వచ్చెను.

వృద్ధాప్యమున ఆయనకు గౌరవములు కలిగెను. 1904లో రాజు ఆయనను పిలిపించి మాటలాడెను. 1907లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము పట్టము నిచ్చెను. చివరకు చూపు పోయెను. 1912 ఆగస్టు 20న ఆయన ప్రభువు సన్నిధికి చేరెను. ఆయన భౌతికకాయమును సుమారు 1,50,000 మంది దర్శించిరి. పూర్వము ఆయన తలుపు తట్టిన బీదలు వారిలో అనేకులు.

మన దేశములో

రక్షణ సైన్యము 1882లో బొంబాయిలో దిగి, తరువాత మన తెలుగు ప్రాంతమునకును వచ్చెను. నిడుబ్రోలులోని ఆసుపత్రి ఆయన కుమార్తె ఎవాంజెలిన్ గారి పేరు ధరించినది. అయితే మరియొక సంగతియు మరువరాదు. బాపట్ల దగ్గరనున్న స్టూవర్టుపురము, ఆంగ్ల ప్రభుత్వము పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన ఎరుకలవారిని ఉంచిన స్థలము. దాని నిర్వాహము ఈ సైన్యమునకు అప్పగింపబడెను. అక్కడ పొలమును, పనియు ఇచ్చిరి. దానితోకూడ కాపలాయు, హాజరుపట్టికయు ఉండెను. ఆశ్రయము కావలికొట్టముగా మారకుండ చూచుకొనుట ప్రేమచేయువాని బాధ్యత.

మనకు పాఠములు

మొదటిది: చూడుడి. తెలిసియుండుటయు, చూచుటయు ఒకటి కావు. బ్రామ్‌వెల్‌కు తెలియును గాని, తండ్రికి మాత్రము నిద్రపట్టలేదు.

రెండవది: కారణము విచారించుటకు ముందు లేపుడి. యెరికో త్రోవలో పడియున్నవానిని, రాత్రివేళ ఒంటరిగా ఎందుకు ప్రయాణమైతివని సమరయుడు అడుగలేదు.

మూడవది: మర్యాదతో ఇయ్యుడి. పేరు అడుగుడి. చేయగలిగిన పని చూపుడి.

మన ఊళ్లనుండి ఎందరో కూలికొరకు హైదరాబాదుకును, విజయవాడకును, చెన్నైకిని పోవుచున్నారు. అక్కడ బస్టాండులోను, కట్టుచున్న మేడల క్రిందను నిద్రించువారిలో మన సంఘపు పిల్లలును ఉండవచ్చును. ఇక్కడ మన మందిరపు అరుగుమీద రాత్రివేళ పరదేశి యొకడు పండుకొనియుండిన, మనము మొదట తలచునది తాళమును గూర్చియా, వాని ఆకలిని గూర్చియా? తల వాల్చుకొనుటకు స్థలములేనివాడనని చెప్పిన ప్రభువు (మత్తయి 8:20) పేరటనే ఆ మందిరము కట్టబడినది. ఈ నెల పెద్దల కూటములోను, స్త్రీల సమాజములోను ఈ ఒక్క ప్రశ్నను ఆలోచింపుడి. ఒక చాప, ఒక దుప్పటి, ఒక పూట అన్నము మందిరమునొద్ద సిద్ధముగా నుంచుట ఏ సంఘమునకును భారము కాదు.

ప్రార్థన: మా వాకిట నున్నవారిని చూచు కన్నులను, లేపు చేతులను మాకు దయచేయుము తండ్రీ. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.