తైహోకులో కూలిన బాంబరు: నేతాజీ చివరి ప్రయాణం

నేతాజీ సుభాష్ చంద్ర బోస్‌ను మన పాఠశాల మిత్రులకు, గురువులకు కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. జనవరి 23 వచ్చిందంటే పటానికి దండ వేసి ఎవరో ఒకరు ఉపన్యాసం చదవడం మన తరాలన్నిటికీ తెలిసిందే. ఆ ఉపన్యాసాలన్నీ చివరికి ఒకే చోట ఆగిపోయేవి. విమాన ప్రమాదంలో పోయారని కొందరు, కాదని కొందరు అంటారని చెప్పి దిగిపోయేవాళ్ళం. అసలు అది ఏ విమానం, ఆయన దానిలోకి ఎలా ఎక్కారు, అది ఎందుకు కూలింది అనేది ఎవరూ చెప్పేవారు కాదు. ఈ స్వర్ణోత్సవ సంచికకు ఆయన జీవితం రాస్తూ ఆ సంగతి దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను.

మనది బడి సంచిక కనుక ఆయన బడితోనే మొదలుపెడతాను. 1897లో కటక్‌లో, జానకీనాథ్ బోస్, ప్రభావతీ దేవి దంపతుల పద్నాలుగు మంది సంతానంలో తొమ్మిదోవాడిగా పుట్టారు. మొదట చదివింది మిషనరీల ఇంగ్లీషు బడిలో. 1909లో రావెన్‌షా కాలేజియేట్ స్కూల్లో చేరేసరికి బెంగాలీ సరిగ్గా రాయడం రాక తోటి పిల్లల నవ్వులపాలయ్యారు. పట్టుదలతో కూర్చుని నేర్చుకుని ఆ సబ్జెక్టులోనే ముందుకు వచ్చారు. అక్కడి ప్రధానోపాధ్యాయులు బేణీమాధవ్ దాస్ ఆ పిల్లవాడి మనసులో నాటుకుపోయారు. ఆయనకు బదిలీ అయినా శిష్యుడు ఉత్తరాలు మానలేదు. 1913 మెట్రిక్యులేషన్‌లో కలకత్తా విశ్వవిద్యాలయం మొత్తానికి సుభాష్‌ది రెండో స్థానం.

ఆ తరువాతి కథ మీకు తెలిసిందే. ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి బహిష్కరణ, స్కాటిష్ చర్చి కాలేజీలో తత్వశాస్త్రం, కేంబ్రిడ్జి, 1920లో ఐ.సి.ఎస్.లో నాలుగో ర్యాంకు, మరుసటి ఏడాదే రాజీనామా. ఆపైన పదేపదే జైళ్ళు, అందులో బర్మాలోని మాండలే ఒకటి. 1938లో హరిపుర కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. 1939లో త్రిపురి మహాసభకు రెండోసారి పోటీ చేసినప్పుడు గాంధీజీ మద్దతుతో ఎదుట నిలబడింది మన బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. రెండు వందల పైచిలుకు ఓట్ల తేడాతో బోస్ గెలిచారు. గెలిచినా పార్టీ నడపనివ్వలేదు. కొద్ది నెలల్లోనే ఆ పదవి వదిలి ఫార్వర్డ్ బ్లాక్ పెట్టుకున్నారు. తెలుగువాళ్ళలో ఆ ఎన్నిక గురించిన వాదులాట చాలా ఏళ్ళు నడిచింది.

1941 జనవరిలో కలకత్తాలో గృహనిర్బంధం నుంచి మారువేషంలో తప్పించుకుని పెషావర్, కాబూల్, మాస్కోల మీదుగా బెర్లిన్ చేరారు. రెండేళ్ళ తరువాత, 1943 ఫిబ్రవరిలో, యు-180 అనే జర్మన్ జలాంతర్గామి ఎక్కి తూర్పుకు బయలుదేరినప్పుడు వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు హైదరాబాదు యువకుడు ఆబిద్ హసన్. జర్మనీలో ఇంజనీరింగు చదువుతూ ఆ పనిలోకి వచ్చిన మనిషి. మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో, పోటెత్తే కెరటాల మధ్య, ఇద్దరూ రబ్బరు తెప్ప మీద జపాన్ వాళ్ళ ఐ-29 జలాంతర్గామికి మారారు. జైహింద్ అనే పలకరింపును రూపొందించింది కూడా ఆబిద్ హసనే అంటారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 1942 మార్చిలోనే బోస్ విమాన ప్రమాదంలో మరణించారని రేడియోల్లో, పత్రికల్లో వార్త వచ్చింది. టోక్యో సమావేశానికి వెళుతున్న కొందరు భారతీయ ప్రతినిధుల విమానం నిజంగానే కూలిపోయి, ఆ దుర్వార్త బోస్‌కు అంటుకుంది. ఆయన అప్పుడు బెర్లిన్‌లో క్షేమంగా ఉన్నారు. గాంధీజీ ఆయన తల్లిగారికి సంతాపం పంపి, తరువాత అది తప్పుడు వార్త అని తెలిసి ఊరట చెందవలసి వచ్చింది. ఒకసారి చనిపోయాడని విని, బతికే ఉన్నాడని తెలుసుకున్న జనం రెండోసారి వింటే నమ్ముతారా? 1945 తరువాత పుట్టిన అనుమానాలకు వేరు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1943 జులైలో సింగపూర్‌లో ఆజాద్ హింద్ ఫౌజు నాయకత్వం తీసుకోవడం, అక్టోబరు 21న తాత్కాలిక ప్రభుత్వ స్థాపన, 1944లో ఇంఫాల్ దండయాత్ర, వానలు, ఆకలి, వెనుకంజ, ఇవన్నీ ఒక్కొక్కటీ ఒక్కో పుస్తకం. 1945 ఏప్రిల్‌లో రంగూన్ విడిచిపెట్టినప్పుడు ఝాన్సీరాణి దళం అమ్మాయిలతో కలిసి చాలా దూరం కాలినడకన నడిచారు. ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. ఆయన మాత్రం లొంగదలచుకోలేదు. మంచూరియా మీదుగా రష్యా వాళ్ళను చేరుకుంటే పోరాటానికి ఇంకో దారి దొరుకుతుందని ఆశ.

ఆగస్టు 17న బ్యాంకాక్ నుంచి సైగాన్ వచ్చారు. వెంట ఆబిద్ హసన్, ఎస్.ఎ. అయ్యర్, దేవనాథ్ దాస్, కర్నల్ హబీబుర్ రహ్మాన్ మొదలైనవారు ఉన్నారు. జపాన్ అధికారులు వచ్చి, వెళుతున్న విమానంలో ఒక్క చోటే ఉందన్నారు. బతిమాలితే రెండో చోటు ఇచ్చారు. ఆ రెండోది హబీబుర్ రహ్మాన్‌కు దక్కింది. మూడు నెలలు సముద్రం అడుగున తోడున్న ఆబిద్ హసన్ సైగాన్‌లోనే మిగిలిపోయారు.

ఆ విమానం ప్రయాణికుల విమానం కాదు. మిత్సుబిషి వారి కి-21, అంటే 97వ రకం భారీ బాంబరు. 1938లో చైనా యుద్ధంలోకి దిగిన నమూనా. రెండు రెక్కలకు రెండు ఇంజన్లు, అయిదుగురి నుంచి ఏడుగురి దాకా సిబ్బంది. ఇలాంటివి రెండు వేలకు పైగా తయారయ్యాయి. 1945 నాటికి కాలం చెల్లి మనుషుల్ని, సామాన్లను మోసే పనికి దిగజారాయి. లోపల కుర్చీలు లేవు, నేల మీదే కూర్చోవాలి. సిబ్బందితో కలిపి అందులో ఎక్కింది పన్నెండు, పదమూడు మంది. మంచూరియాలో పదవి చేపట్టడానికి వెళుతున్న లెఫ్టినెంట్ జనరల్ షిదేయి కూడా వారిలో ఉన్నారు. బరువు ఎక్కువైందని విమానం వాళ్ళు అంటే బోస్ తన పుస్తకాలు, బట్టలు కొన్ని తీసేశారు. మలయా, బర్మా భారతీయులు ఒంటి మీది నగలు ఒలిచి ఇచ్చిన రెండు పెట్టెలు మాత్రం వదల్లేదు. ఆ నగలు ఇచ్చినవాళ్ళను తలచుకుంటే ఆయన్ను తప్పుపట్టలేం.

సైగాన్‌లో రన్‌వే చివరిదాకా పరుగెత్తితే గాని అది పైకి లేవలేదు. ఆ రాత్రి తూరాన్‌లో, అంటే ఇప్పటి దనాంగ్‌లో, ఆగారు. బరువు తగ్గించడానికి సిబ్బంది మెషిన్‌గన్లు, తూటాలు దించేశారు. మర్నాడు ఆగస్టు 18 మధ్యాహ్నానికి ఫార్మోజాలోని తైహోకు, అంటే ఇప్పటి తైవాన్ రాజధాని తైపేలో దిగారు. పెట్రోలు నింపుతున్నప్పుడు ఎడమ ఇంజను సరిగ్గా పలకడం లేదని నేల మీది ఇంజనీరుకు అనుమానం వచ్చింది. ఏదో సర్దారు. ప్రధాన పైలట్ మేజర్ తకిజావా సరే అనుకున్నారు. రెండున్నర ప్రాంతంలో విమానం పరుగు అందుకుంది.

రెండు ఇంజన్ల విమానానికి ఒకటి పోతే ఇంకొకటి ఉందిగా అనుకుంటాం. ఆకాశంలో ఎత్తున, మంచి వేగంతో ఉన్నప్పుడు అది చాలావరకు నిజం. నేల విడిచిన ఆ కొన్ని క్షణాల్లో మాత్రం వ్యవహారం తలకిందులు. వేగం చాలదు, ఎత్తు లేదు, ట్యాంకుల నిండా పెట్రోలు, లోపల నిండా బరువు. ఒక పక్క ఇంజను ఆగితే రెండో పక్కది బండిని ఒకే ఎద్దు లాగినట్టు పక్కకు తిప్పేస్తుంది. చుక్కాని ఎంత తొక్కినా తక్కువ వేగంలో పట్టు ఉండదు. పైలట్ సర్దుకునేలోపు చచ్చుపడిన రెక్క వాలిపోయి నేలను తాకుతుంది. ఆ యుద్ధంలో శత్రువు గుండు తగలకుండానే జంట ఇంజన్ల బాంబర్లు ఇలా ఎన్నో పోయాయి. అమెరికా వాళ్ళ మారాడర్ బాంబరు శిక్షణలోనే ఎన్నిసార్లు కూలిందంటే, భార్యల్ని విధవలను చేసే విమానమని దానికి పేరు పడింది. రెక్కలు పొడిగించి, పైలట్లకు శిక్షణ పెంచాక గాని ఆ పేరు పోలేదు. జపాన్ బాంబర్లకు ఇంకో శాపం ఉండేది. వేగం కోసం, దూరం కోసం తొలినాళ్ళలో పెట్రోలు ట్యాంకులకు రక్షణ కవచం పెట్టలేదు. 1943లో అడ్మిరల్ యమమోటో ఎక్కిన జంట ఇంజన్ల బాంబరు కూడా తూటాలు తగిలి మండుతూనే అడవిలో పడింది.

తైహోకులో జరిగింది దాదాపు ఇదే. పైకి లేచీ లేవగానే పెద్ద శబ్దం. ఎడమ ఇంజను ప్రొపెల్లరు ఊడిపోయింది. విమానం ముక్కు కిందికి వాలి, నేలకు కొట్టుకుని విరిగి, అంటుకుంది. షిదేయి, తకిజావా అక్కడికక్కడే పోయారు. బోస్ పెట్రోలు ట్యాంకు దగ్గర కూర్చుని ఉన్నారు. దెబ్బకు ఒంటి మీద పెట్రోలు చిందింది. వెనుక తలుపుకు సామాన్లు అడ్డం పడ్డాయి. ముందువైపు మంటల్లోంచే హబీబుర్ రహ్మాన్‌తో కలిసి బయటికి వచ్చారు. వచ్చేసరికి ఆయన బట్టలు మండుతున్నాయి. ఆర్పబోయిన హబీబ్ చేతులు కూడా కాలాయి. దగ్గర్లోని సైనిక ఆసుపత్రిలో డాక్టరు యోషిమి చేయగలిగినదంతా చేశారు. ఆ రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య ప్రాణం పోయింది. నలభై ఎనిమిదేళ్ళు. వియన్నాలో భార్య ఎమిలీ ఆ వార్తను రేడియోలో విన్నారు. కూతురు అనితకు అప్పటికి మూడేళ్ళు నిండలేదు.

1956లో షానవాజ్ కమిటీలో ఇద్దరు ప్రమాదం నిజమన్నారు. మూడో సభ్యుడు, బోస్ అన్నగారైన సురేశ్ చంద్ర, ఒప్పుకోలేదు. 1974లో ఖోస్లా కమిషన్ నిజమే అంది. 2005లో ముఖర్జీ కమిషన్ కాదంది. ప్రభుత్వం దానిని తోసిపుచ్చింది. కమిషన్ల మాట అటుంచి, ముసలి బాంబరు, అతి బరువు, అనుమానపు ఇంజను, నిండు ట్యాంకులు, ఇన్ని ఒకచోట చేరినప్పుడు అది కూలిపోవడంలో నాకు వింత కనబడదు. అంతటి మనిషికి అంత మామూలు చావు రావడాన్ని జనం తట్టుకోలేకపోయారు, అది వేరే సంగతి.

తైహోకులోనే దహనం చేసి, చితాభస్మాన్ని టోక్యోలోని రెంకోజీ ఆలయంలో ఉంచారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. మంటల్లో కరిగి ముద్దలైన నగలు కొన్ని తరువాత ఢిల్లీ చేరాయి. హబీబుర్ రహ్మాన్ దేశ విభజన తరువాత పాకిస్తాన్ వెళ్ళిపోయారు. సైగాన్‌లో విమానం ఎక్కలేకపోయిన ఆబిద్ హసన్ స్వతంత్ర భారత దౌత్యవేత్తగా పనిచేసి, డెన్మార్క్‌లో రాయబారిగా ఉండి, చివరికి హైదరాబాదు చేరుకుని 1984లో కన్నుమూశారు.